మండీలో ఒక రోజు, గైడ్‌తో: డబ్బులు గిట్టుబాటయ్యాయా?

ముందే చెప్పేస్తున్నా, ఇది తినే మండి గురించి కాదు. మేం "మండీ వెళ్తున్నాం" అనగానే మా ఆడపడుచు "బార్కాస్ కా, నాకు చెప్పలేదేంటి వదినా, నేనూ వస్తా" అంది, మా ఆయన ఆఫీసులో ఒకాయనేమో హిందీలో మండీ అంటే మార్కెట్ కదా అని మిర్చి యార్డు అనుకుని "సరుకు కొంటున్నారా" అని అడిగాడట. కాదు బాబూ, ఇది హిమాచల్ ప్రదేశ్ లో బియాస్ నది ఒడ్డున ఉన్న మండీ అనే చిన్న ఊరు. ఢిల్లీ నుంచి మనాలి వెళ్ళే వోల్వో ఎక్కిన ప్రతి తెలుగువాడూ ఈ ఊరిని నిద్రలోనే దాటేస్తాడు, పెళ్ళైన కొత్తలో మేం కూడా అలాగే దాటాం, కిటికీలోంచి నాలుగు లైట్లు కనిపించాయంతే.

ఈసారి ఎందుకు ఆగామంటే మా చిన్నోడు అక్కడ ఐఐటీలో ఉన్నాడు. పేరుకి ఐఐటీ మండీ గానీ క్యాంపస్ ఊళ్ళో లేదు, ఊహల్ నది పక్కన కమాంద్ అనే చోట ఉంది, టౌన్ నుంచి ఒక 15 కిలోమీటర్లు, కొండ రోడ్డు. పేరెంట్స్ అందరూ చేసేది ఒకటే, పిల్లాడిని చూసి, అటునుంచి అటే మనాలి వెళ్ళి, మంచులో ఫోటోలు దిగి వచ్చేయడం. మాతో అత్తయ్య ఉంది, ఆవిడకి 72, మోకాళ్ళ నొప్పులు, మనాలి చలి అనగానే "నేను రాను, మీరు వెళ్ళండి, నన్ను ఏదైనా గుడి దగ్గర దింపేయండి" అంది. గుడి అంటే గుర్తొచ్చింది, ఈ ఊరిని ఛోటీ కాశీ అంటారు, కాశీలో 80 గుళ్ళుంటే మా దగ్గర 81 అని ఇక్కడోళ్ళు గొప్పలు చెప్పుకుంటారు. కాశీలో 80 ఏంటి, వేలల్లో ఉంటాయి కదా అని నేను అడగబోయా గానీ మా ఆయన చెయ్యి నొక్కాడు.

హోటల్ రిసెప్షన్ వాళ్ళని అడిగితే ఒక లోకల్ గైడ్ ని మాట్లాడిపెట్టారు. పేరు రాయను, ఎందుకంటే మంచితో పాటు చెడు కూడా రాయబోతున్నా. అరవై దాటిన మనిషి, రిటైరైన స్కూల్ మాస్టారు, తలమీద హిమాచలీ టోపీ, చేతిలో గొడుగు, అది వానకి కాదు కోతులకి. ఊళ్ళో పొద్దున్న నుంచి మధ్యాహ్నం దాకా నడిపించి చూపించడానికి 1500, తర్వాత రెవాల్‌సర్ సరస్సు తీసుకెళ్తే టాక్సీ వేరే. మేం రెండూ తీసుకున్నాం. నా రివ్యూ ఒక్క ముక్కలో కావాలంటే, నడక తీసుకోండి, టాక్సీ మీరే విడిగా మాట్లాడుకోండి. ఎందుకో చెప్తా.

ఎనిమిదింటికి వస్తానన్న మనిషి ఎనిమిదీ నలభైకి వచ్చాడు. సారీ కూడా చెప్పలేదు, "పహాడీ టైమ్ హై జీ" అని నవ్వాడు. మాకూ హైదరాబాద్ టైమ్ అలవాటే గానీ డబ్బులిచ్చి తెచ్చుకున్న మనిషి కదా, మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. అప్పటికే ఎండ. ఇది కూడా చెప్పాలి, హిమాచల్ కదా అని స్వెట్టర్లు వేసుకుని బయల్దేరకండి, మండీ ఎత్తు 800 మీటర్లు, అటూ ఇటూ, అంతే, అక్టోబర్ లో మధ్యాహ్నం నడిస్తే చెమట పట్టింది. ఎండాకాలం ఇంకెలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ముందు భూత్‌నాథ్ గుడికి తీసుకెళ్ళాడు. ఊరి మధ్యలో, బజార్లో, అటు బట్టల కొట్లు ఇటు స్వీట్ కొట్లు, మధ్యలో పాత రాతి గుడి. 1527లో అజ్బర్ సేన్ అనే రాజు కట్టించాడు, అప్పుడే రాజధానిని నదికి ఇవతలి ఒడ్డుకి మార్చాడు, అంటే ఈ గుడి వయసూ ఈ ఊరి వయసూ ఒకటే. కథ మనం ఎన్నిసార్లు విన్నదో, ఒక ఆవు రోజూ ఒకే చోట నిలబడి దానంతటదే పాలు కార్చేది, తవ్వితే లింగం బయటపడింది. గైడ్ ఈ కథ మొదలెట్టగానే అత్తయ్య తెలుగులోనే "ఆఁ, ఆవు పాలిచ్చి ఉంటుందిలే" అంది, ఆయనకి తెలుగు ఒక్క ముక్క రాదు, అయినా "హాఁ మాతాజీ, గాయ్!" అన్నాడు. ఇక ఆ రోజంతా వాళ్ళిద్దరిదీ ఇదే వరస. ఆవిడ తెలుగులో అడగడం, ఆయన హిందీలో చెప్పడం, మధ్యలో మేం అనువాదం చెయ్యబోతే ఇద్దరూ విసుక్కోవడం.

మా ఆయన హైదరాబాదీ హిందీకి మాత్రం ఆయన రెండు సార్లు ఆగిపోయాడు. "నక్కో జీ, పైదల్ ఇచ్ జాతే" (వద్దండీ, నడిచే వెళ్తాం) అంటే పాపం కాసేపు ఆలోచించి "ఆప్ మరాఠీ హో?" అన్నాడు.

భూత్‌నాథ్ నుంచి రాజమహల్ పక్కన మాధవ్‌రాయ్ గుడి. ఇక్కడ గైడ్ తన విలువ చూపించాడు. సూరజ్ సేన్ అని ఒక రాజు, ఆయనకి 18 మంది కొడుకులు, అందరూ ఆయన కళ్ళ ముందే పోయారు. వారసుడు లేడు. అప్పుడు వెండితో మాధవ్‌రాయ్ విగ్రహం చేయించి, 1648లో, రాజ్యం మొత్తం ఆ దేవుడికి రాసిచ్చేసి, నేను నీ తరఫున చూసుకునేవాణ్ణి మాత్రమే అన్నాడట. అందుకే ఇప్పటికీ శివరాత్రి జాతరకి ఊళ్ళో పెద్ద మాధవ్‌రాయే, శివుడి పండగలో కృష్ణుడు పెద్దరికం చేయడం ఇక్కడే చూస్తాం. చుట్టుపక్కల కొండల మీద పల్లెల నుంచి రెండొందలకు పైగా దేవుళ్ళు పల్లకీల్లో దిగి వచ్చి ముందు మాధవ్‌రాయ్ కి హాజరు వేయించుకుంటారు, ఆ తర్వాత పడ్డల్ మైదానంలో వారం రోజులు కూర్చుంటారు. గైడ్ వాడిన మాట అదే, "హాజిరీ". స్కూల్ మాస్టారు కదా. మన మేడారంలో వనదేవతలు గద్దెల మీదకొస్తారు చూడండి, ఆ తీరు అనుకోండి, కాకపోతే ఇక్కడ రెండొందల మంది, ఎవరి బ్యాండు వాళ్ళదే.

అక్కడ నుంచి ఇందిరా మార్కెట్. రివ్యూల్లో దీని గురించి "బ్యూటిఫుల్ ప్లేస్" అని తప్ప ఎవరూ ఏమీ రాయరు, నేను చెప్తా వినండి. ఒక పెద్ద చౌకం, నాలుగు వైపులా అంతస్తులుగా కొట్లు, మధ్యలో నేల గొయ్యిలా లోపలికి దిగి పార్కు, దాన్ని సంకన్ గార్డెన్ అంటారు, పార్కు నడుమ గడియారం స్తంభం. సాయంత్రం ఊరంతా అక్కడే ఉంటుంది. ముసలోళ్ళు బెంచీల మీద, కాలేజీ పిల్లలు మెట్ల మీద, కొట్ల వాళ్ళు పైనుంచి కింద పార్కులోకి చూస్తూ టీ తాగుతుంటారు. షాపింగ్ మాల్ కట్టేవాళ్ళు ఒకసారి వచ్చి చూసి నేర్చుకోవచ్చు, ఏసీ లేదు, లిఫ్ట్ లేదు, అయినా జనం కదలరు.

ఇక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది. చుట్టూ అన్ని కొట్లుంటే గైడ్ నేరుగా ఒకే ఒక శాలువల కొట్టుకి తీసుకెళ్ళాడు, లోపల వాళ్ళు మేం వస్తామని ముందే తెలిసినట్టు టీ కప్పులు రెడీగా పెట్టారు. కులు శాలువ ఒకటి 2800 అన్నాడు, నేను లేచి నిలబడితే 2200, గుమ్మం దాకా వస్తే 1900. బయటికొచ్చాక ఇంకో పక్క కొట్లో నా కంటికి అలాంటిదే 1400 కి తీసుకున్నా. అది చేనేతా మరమగ్గమా అని తేల్చి చెప్పేంత జ్ఞానం నాకు లేదు, గానీ గైడ్ మొహం చూస్తే కమీషన్ పోయిందని తెలిసిపోయింది. తాజ్ మహల్ దగ్గర నుంచి మన చార్మినార్ దాకా అందరూ చేసేదే, అయినా నాకు చిరాకే. అడిగితే తప్ప కొట్లకి తీసుకెళ్ళొద్దని ముందే చెప్పేయండి.

ఆ కోపం ఉప్పు దగ్గర పోయింది. ఒక పాత కిరాణా కొట్లో బూడిద, గులాబీ కలిసిన రంగులో రాళ్ళు గోనె సంచిలో ఉన్నాయి, మన ఇంట్లో పటిక ముక్కలా. మండీ చుట్టుపక్కల గుమ్మా, ద్రంగ్ అని ఉప్పు గనులున్నాయి, కొండలోంచి తవ్విన రాతి ఉప్పు ఇది, పాతకాలంలో రాజులకి వచ్చే ఆదాయంలో పెద్ద భాగం దీన్నుంచే. సముద్రం లేని చోట ఉప్పు అంటే ఏంటో మనకి తెలీదు, చీరాలోళ్ళకి, కాకినాడోళ్ళకి అస్సలు తెలీదు. గైడ్ ఒక ముక్క నా అరచేతిలో పెట్టి "చాటో" అన్నాడు. నాకితే ముందు ఉప్పు, తర్వాత కొంచెం మట్టి వాసన. కిలో తెచ్చుకున్నా, మజ్జిగలోకి చాలా బావుంది, పప్పులోకి మాత్రం వేయకండి, రంగు మారుతుంది.

టిఫిన్ సంగతి. పొద్దున్నే మనలా ఇడ్లీ దొరకదు సరే, ఇక్కడ కచౌరీ అంటే మన హైదరాబాద్ స్వీట్ షాపుల్లో కరకరలాడే కచోరీ కాదు, పులిసిన గోధుమ పిండిలో మినపప్పు ముద్ద కూరి నూనెలో వేసేది, మెత్తగా పొంగి ఉంటుంది. రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి లేదు. అత్తయ్య కొంచెం తుంచి లోపల చూసి "ఇది మన మినపరొట్టె బూరె అయిపోయింది" అంది, అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

తర్వాత నది. సుకేతీ అనే చిన్న నది వచ్చి బియాస్ లో కలిసే చోట పంచవక్త్ర మహాదేవ్ గుడి, ఐదు ముఖాల శివుడు. 2023 జూలైలో వరదలొచ్చినప్పుడు ఈ గుడి నీళ్ళలో నిలబడి ఉన్న వీడియో మీ అందరి ఫోన్లకీ వచ్చే ఉంటుంది, పక్కనున్న ఇనప బ్రిడ్జి కొట్టుకుపోయింది, గుడి మాత్రం అలాగే ఉంది. ఆ వీడియోలో బురద రంగు సముద్రంలా ఉన్న నది మేం వెళ్ళినప్పుడు రాళ్ళ మధ్య సన్నగా పారుతోంది. మా ఆయన "ఇంతేనా బియాస్" అన్నాడు, అని ఊరుకోకుండా బూట్లు విప్పి కిందికి దిగబోయాడు, కాళ్ళు తడుపుకుని ఒక ఫోటో అని.

అప్పటిదాకా నవ్వుతూ ఉన్న మాస్టారు ఒక్కసారి గొడుగు అడ్డం పెట్టేశాడు. "నహీ భాయ్‌సాబ్." మా ఆయన "నీళ్ళే లేవు కదండీ" అంటే, అందుకే దిగొద్దు అన్నాడు. పైన పండోహ్ దగ్గర డ్యామ్ కట్టి బియాస్ నీళ్ళని సొరంగాల్లోంచి సట్లెజ్ వైపు మళ్ళిస్తారట, అందుకే ఇక్కడ ఇంత సన్నగా కనిపిస్తుంది, పైన గేట్లు ఎత్తితే మాత్రం చూస్తుండగానే పెరిగిపోతుంది. ఇదంతా చెప్పి, కాస్త ఆగి, మీరు హైదరాబాద్ అన్నారు కదా అన్నాడు.

ఇక మాకెవరికీ ఏం చెప్పక్కర్లేదు. 2014 జూన్ 8. హైదరాబాద్ నుంచి టూర్ కి వచ్చిన ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది, వాళ్ళతో వచ్చిన టూర్ మనిషి ఒకరు, ఇదే జిల్లాలో, ఇదే నదిలో, పైన థలౌట్ దగ్గర, లార్జీ డ్యామ్ నుంచి నీళ్ళు వదిలితే కొట్టుకుపోయారు. రాళ్ళ మీద నిలబడి ఫోటోలు దిగుతున్న పిల్లలు. ఆ వారం రోజులూ మన ఇళ్ళల్లో టీవీలు ఎవరూ కట్టేయలేదు, అప్పుడు మా చిన్నోడు ఏడేళ్ళ పిల్లాడు, ఈరోజు అదే నది పారే జిల్లాలో చదువుకుంటున్నాడు. మాస్టారు అప్పట్లో వెతకడం ఎన్ని రోజులు జరిగిందో, ఊళ్ళో జనం ఎలా ఉన్నారో చెప్తుంటే మా ఆయన మాట్లాడకుండా బూట్లు వేసుకుని లేసులు కట్టుకున్నాడు. లేటుగా వచ్చిన నలభై నిమిషాలు, శాలువ కొట్టు, అన్నీ అక్కడ మాఫీ చేసేశా. లోకల్ మనిషిని ఎందుకు పెట్టుకోవాలి, ఫోన్ లో మ్యాప్ ఉంది కదా అనేవాళ్ళు ఉంటారు, మ్యాప్ గొడుగు అడ్డం పెట్టదు.

మా చిన్నోడికి ఆ రాత్రి ఫోన్ చేసి నది దగ్గరకి వెళ్ళొద్దని చెప్పా. "అమ్మా, ఫస్ట్ డే నుంచే చెప్తున్నారు మాకు" అన్నాడు. అయినా ఇంకోసారి చెప్పా.

అవతలి ఒడ్డున త్రిలోక్‌నాథ్ గుడి, ఇది అజ్బర్ సేన్ రాణి సుల్తాన్ దేవి 1520లో కట్టించింది, అంటే ఊరి కంటే ఏడేళ్ళు పెద్దది, పాత రాజధాని ఈ ఒడ్డునే ఉండేది కాబట్టి ఆ పక్కని పురానీ మండీ అంటారు. శివుడికి ఇక్కడ మూడు ముఖాలు. పురావస్తు శాఖ వాళ్ళది, శుభ్రంగా ఉంది, జనం లేరు, నది మీదుగా చూస్తే అవతల పంచవక్త్ర గుడి కనిపిస్తుంది. వెళ్ళేటప్పుడు 1877 నాటి విక్టోరియా బ్రిడ్జి మీద నడిచి వెళ్ళాం, వేలాడే వంతెన, రెండు వైపులా రాతి ద్వారాలు, మధ్యలో నిలబడితే కొంచెం ఊగినట్టు అనిపించింది, అత్తయ్యేమో రెయిలింగ్ పట్టుకుని విపాశ కథ మొదలుపెట్టింది. వశిష్ఠుడు కొడుకులు పోయిన దుఃఖంతో తాళ్ళతో కట్టుకుని నదిలో దూకితే, నది ఆ కట్లు విప్పేసి ఒడ్డుకి చేర్చింది, పాశాలు విప్పింది కాబట్టి విపాశ, అదే ఇప్పుడు బియాస్. మాస్టారుకి "విపాశా" అన్న మాట వినగానే వెలిగింది, "జీ మాతాజీ, వశిష్ఠ్!" ఇంకేముంది, మాండవ్య మహర్షి పేరు మీదే మాండవ్ నగర్, అదే మండీ అయిందని ఆయన, ఆ మాండవ్యుడే యముణ్ణి విదురుడిగా పుట్టమని శపించాడని ఈవిడ, బ్రిడ్జి మధ్యలో నిలబడి పావుగంట. వెనక స్కూటీ వాడు హారన్ కొట్టకుండా ఆగాడు, అది కూడా రాయాలి.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న చోటు. బర్సేలే. ఏ ప్యాకేజీలోనూ ఉండదు, మాస్టారు కూడా ముందు చెప్పలేదు, సుకేతీ ఒడ్డున రోడ్డు పక్క వెళ్తుంటే నేనే "ఆ రాళ్ళేంటి" అని అడిగా. ఆయన ఒక్క క్షణం తటపటాయించి తీసుకెళ్ళాడు. మనిషి ఎత్తు రాళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి, కొన్ని అంతకంటే ఎత్తు, ఒక్కో రాయీ ఒక్కో రాజుది. రాయి పైభాగంలో రాజు మఠం వేసుకుని కూర్చుని ఉంటాడు. కింద వరసలో రాణులు, వాళ్ళూ కూర్చునే. ఆ కింద వరసల్లో చిన్న చిన్న బొమ్మలు, నిలబడి, ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని, అవి రాజు ఉంచుకున్నవాళ్ళు, దాసీలు. రాజుతో పాటు చితిలో కాలిపోయిన వాళ్ళందరూ. చచ్చాక కూడా కూర్చునే హక్కు రాణులకే, దాసీలు నిలబడే ఉన్నారు.

అప్పటిదాకా ప్రతి గుడి దగ్గరా ఆగకుండా మాట్లాడిన మనిషి ఇక్కడ ఒక్క కథ చెప్పలేదు. అడిగితే, రాసి ఉంది, రాజు పేరు, చనిపోయిన రోజు, ఎంతమంది అన్నది, అంతే అన్నాడు. నేను ఒక రాయి మీద బొమ్మల్ని వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టా, నాచు పట్టేసి కొన్ని అరిగిపోయాయి, ఒక వరస అయ్యేసరికి లెక్క తప్పింది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి వదిలేశా. అత్తయ్య పక్కనే నిలబడి "మా పుట్టింటి ఊళ్ళో పేరంటాలమ్మ గుడి ఉంది, ఇదే కదా" అంది. నిజమే, మన పల్లెల్లో పేరంటాళ్ళ పేరుతో పూజించేది ఇలా పోయినవాళ్ళనే, కాకపోతే అక్కడ ఒక్క పేరంటాలుకి ఒక పేరుంటుంది, ఒక కథ ఉంటుంది, ఏటా తిరునాళ్ళు చేసి చీర పెడతారు. ఇక్కడ నిలబడ్డవాళ్ళకి పేర్లు కూడా లేవు, సంఖ్య ఒకటే. అత్తయ్య పర్సులోంచి కుంకుమ పొట్లం తీసి, అది భూత్‌నాథ్ లో ఇచ్చింది, రాణుల్ని వదిలేసి కింద వరసలో ఒక్క బొమ్మకి పెట్టబోయి, పాత రాయి కదా, పెట్టకూడదేమో అని మళ్ళీ పొట్లం మడిచేసుకుంది.

ఇదే ఏదైనా పెద్ద టూరిస్టు ఊరైతే గైడ్ ఇక్కడ "సతీ మాతా కీ జై" అని ఒక డ్రామా నడిపేవాడు, మాస్టారు ఊరుకోవడం నాకు నచ్చింది. ఈ ఒక్క దానికి నేను ఇంకో 500 ఇచ్చేదాన్ని, ఇవ్వలేదు, ఎందుకో చెప్తా, టాక్సీ.

దానికంటే ముందు భోజనం. ధామ్ గురించి వినే ఉంటారు, హిమాచల్ పెళ్ళి భోజనం, బోటీలు అనే వంట బ్రాహ్మణులు వండుతారు, నేల మీద కూర్చోబెట్టి వడ్డిస్తారు. మాకు పెళ్ళి పిలుపు ఎక్కడ దొరుకుతుంది, ఒక చిన్న హోటల్లో ధామ్ థాలీ దొరికింది. మండీ ధామ్ లో ముందు స్వీటు వేస్తారు, తీపి బూందీ, తర్వాతే కూరలు. మన దగ్గర కూడా పెద్దవాళ్ళు ముందు తీపి తినమంటారు కదా, అత్తయ్య చాలా సంతోషించింది. తర్వాత సేపూ బడీ, ఇది ఈ ఊరి ప్రత్యేకం, మినప్పిండి ముద్దల్ని ముందు ఉడకబెట్టి, కోసి, వేయించి, పాలకూర గ్రేవీలో వేస్తారు. గారె అనుకుని నోట్లో పెట్టుకుంటే గారె కాదు, పనీర్ అనుకుంటే పనీర్ కాదు, స్పాంజిలా గ్రేవీ పీల్చుకుని ఉంటుంది, కారం దాదాపు సున్నా. గుమ్మడికాయ ఖట్టా మన గుమ్మడికాయ పులుసుకి అన్నదమ్ముల పిల్ల, బెల్లం కొంచెం ఎక్కువ. చివర్లో ఝోల్, అంటే మజ్జిగచారు పోలిందే. నాకు రాజ్మా నచ్చలేదు, ఉప్పు తక్కువ, పచ్చిమిరపకాయ అడిగితే ఇచ్చారు.

అసలు ముచ్చట విస్తరి. ఆకు చూసి మా అత్తయ్య గుర్తుపట్టేసింది, "ఇది అడ్డాకు కదే!" అంది. వీళ్ళు టౌర్ అంటారు. నేను నమ్మలేదు, హిమాలయాల్లో ఆకు మన పాడేరు ఆకు ఎందుకవుతుంది అని, మా చిన్నోడికి ఫోటో పంపితే వాడు వెతికి చెప్పాడు, రెండూ ఒకటే తీగ, బాహీనియా వాహ్లీ. మన ఏజెన్సీలో గిరిజనులు కోసి అమ్ముకునే అడ్డాకు ఇక్కడ కొండల్లో ఆడవాళ్ళు కోసి పుల్లలతో కుడుతున్నారు. పెళ్ళిళ్ళల్లో మనం థర్మాకోల్ ప్లేట్లకి వెళ్ళిపోయాం, వీళ్ళు ఇంకా వాడుతున్నారు. ఖాళీ విస్తర్లు పది కొనుక్కొచ్చాం, కట్ట కట్టి ఫ్లైట్ లో చేతి సంచిలో పెట్టుకుంటే చండీగఢ్ సెక్యూరిటీ వాళ్ళు విప్పి చూసి నవ్వారు.

తార్నా కొండ మీద శ్యామాకాళి గుడి, 17వ శతాబ్దంది, పైనుంచి ఊరంతా కనిపిస్తుంది, కారు పై దాకా వెళ్తుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు భయపడక్కర్లేదు. అక్కడ పది నిమిషాలు చాలు.

ఇక రెవాల్‌సర్. మండీ నుంచి 25 కిలోమీటర్ల లోపే, కొండ ఎక్కాలి. చోటు చాలా బావుంటుంది, అందులో డౌట్ లేదు, చిన్న సరస్సు చుట్టూ బౌద్ధుల గోంపాలు, అంటే మఠాలు, హిందూ గుడి, గురుద్వారా, మూడు మతాల వాళ్ళూ ఒకే నీళ్ళ చుట్టూ ప్రదక్షిణ చేస్తారు. టిబెటన్లు గురువుగా కొలిచే పద్మసంభవుణ్ణి ఇక్కడి రాజు సజీవంగా కాల్చబోతే మంటలు సరస్సుగా మారి ఆయన తామర పువ్వు మీద కూర్చుని కనిపించాడని వాళ్ళ నమ్మకం. కొండ మీద ఆయన విగ్రహం 123 అడుగులు, 2012లో దలైలామా వచ్చి ప్రతిష్ఠ చేశారు. చేపలకి మరమరాలు వేస్తుంటే అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి నోళ్ళు తెరుస్తాయి, చూడ్డానికి సరదాగానూ ఉంటుంది కొంచెం భయంగానూ ఉంటుంది. కోతులున్నాయి, మాస్టారు గొడుగు ఇక్కడ పనికొచ్చింది.

గొడవేంటంటే టాక్సీ 1800 అని చెప్పి దిగేటప్పుడు 2500 అన్నారు, వెయిటింగ్ అట, పైన విగ్రహం దాకా ఎక్కించినందుకు ఎక్స్‌ట్రా అట, పార్కింగ్ అట. టాక్సీ వాడు మాస్టారు చుట్టమని దారిలో వాళ్ళ మాటల్లోనే తెలిసింది. మాస్టారుని అడిగితే ఆకాశం వైపు చూశాడు. చివరికి 2200 కి తెగింది. పైగా రెవాల్‌సర్ లో ఆయన చెప్పిందేమీ లేదు, అలిసిపోయి సరస్సు గట్టు మీద కూర్చుని టీ తాగాడు, మేమే బోర్డులు చదువుకున్నాం. అందుకే అన్నా, నడకకి ఆయన్ని తీసుకోండి, రెవాల్‌సర్ కి బస్టాండ్ నుంచి లోకల్ బస్సులున్నాయి, లేదా టాక్సీ మీరే రేటు, వెయిటింగ్, పైకి ఎక్కించడం అన్నీ కలిపి ముందే మాట్లాడుకోండి.

పరాశర్ సరస్సు కూడా ఉంది, 2700 మీటర్ల ఎత్తున, నీళ్ళలో తేలే గడ్డి దీవి, చెక్కతో మూడంతస్తుల గుడి. అత్తయ్యతో కుదరదని వెళ్ళలేదు, మా చిన్నోడు ఫ్రెండ్స్ తో వెళ్ళొచ్చి ఫోటోలు పెట్టాడు.

వెళ్ళేవాళ్ళకి, హైదరాబాద్ నుంచి చండీగఢ్ ఫ్లైట్, అక్కడ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు బస్సో కారో. రోడ్డు ఇప్పుడు సొరంగాలతో చాలా వరకు బాగు చేశారు గానీ వానాకాలం కొండచరియలు పడతాయి, జూలై, ఆగస్టు వద్దు. నడకకి మంచి పట్టున్న బూట్లు, గుళ్ళ దగ్గర రాళ్ళు నున్నగా ఉంటాయి. గైడ్ కి స్టార్లు అంటే నడకకి నాలుగున్నర, రెవాల్‌సర్ కి రెండు, శాలువ కొట్టుకి సున్నా.

వచ్చేసేటప్పుడు అత్తయ్య మాస్టారుకి పూతరేకుల డబ్బా ఇచ్చింది, మా చిన్నోడికని తెచ్చిన రెండింట్లో ఒకటి. ఆయన ఒకటి విప్పి కాగితం అనుకుని పై పొర తీసేయబోయాడు, ఆవిడ "ఆఁ ఆఁ, అదే తినాలి" అని చెయ్యి పట్టుకుంది. శివరాత్రికి రండి మాతాజీ అన్నాడు. "వస్తాం, అప్పుడు కూడా మీరే చూపించాలి" అని నేనంటే తల అడ్డంగా ఊపాడు, ఆ వారం రోజులూ గైడ్ పని చెయ్యడట, వాళ్ళ ఊరి దేవుడి పల్లకీ వెనక నడవాలట.